చిక్కపేట మీద 360 వానలు

ఒక చదరపు కిలోమీటరు నేల మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడిందంటే అక్కడ దిగిన నీళ్లు 5 కోట్ల లీటర్లు. మట్టి నేలైతే అందులో కొంత ఇంకుతుంది. బెంగళూరు చిక్కపేటలో ఇంకడానికి చోటేదీ? గోడకు గోడ ఆనించి కట్టిన పట్టుచీరల దుకాణాలు, వాటి మధ్య రెండు మూడు మీటర్ల సందులు, కిందంతా తారూ సిమెంటూ బండలూ. పెళ్లి చీరల కోసం హిందూపురం నుంచో అనంతపురం నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్లకు ఈ సందులు బాగా తెలుసు. వాన పట్టుకుంటే నీళ్లకూ అవే దారులు.

ఆ నీళ్లు ఏ సందులో మోకాలి లోతు నిలుస్తాయి? ఏ సెల్లార్‌లోకి దిగుతాయి? 2017 జూన్‌లో మొదలైన చిక్కపేట భూగర్భ మెట్రో స్టేషన్ మెట్ల దాకా వస్తాయా? వాన రాకముందే ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే వానను కంప్యూటర్‌లో కురిపించి చూడాలి. ఆ పనినే సిమ్యులేషన్ అంటున్నాం. ఒక్క వాన కురిపిస్తే ఒక్క బొమ్మ వస్తుంది. నమ్మదగ్గ జవాబు రావాలంటే వందల వానలు కావాలి. వాటిని ఎక్కడో ఉన్న అద్దె కంప్యూటర్ల మీద కురిపించి, ఏదీ తప్పిపోకుండా ఫలితాలు వెనక్కి తెచ్చుకోవడానికి పరిశోధకులు నమ్ముకునేది నల్లటి తెర మీద అక్షరాలు టైపు చేసే పాతకాలపు పద్ధతినే. దాని పేరు కమాండ్ లైన్. చిక్కపేటనే ఉదాహరణగా తీసుకుని ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా నడిపి చూద్దాం.

చెరువుల మధ్య పేట

1537లో కెంపేగౌడ కట్టించాడని చెప్పుకునే పేటలో తూర్పు పడమరలుగా సాగే వీధి చిక్కపేట. దాన్ని అడ్డంగా కోసుకుంటూ ఉత్తర దక్షిణాలుగా వెళ్లే దొడ్డపేటే నేటి అవెన్యూ రోడ్డు. ఈ పేటకు ఒక పక్క ధర్మాంబుధి చెరువు, ఇంకో పక్క సిద్ధికట్టె ఉండేవి. ధర్మాంబుధి గర్భంలో ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉంది. సిద్ధికట్టె ఉన్నచోట కె.ఆర్. మార్కెట్ వెలిసింది. చెరువులు పోయినా నేల వాలు పోలేదు. నీరు పల్లమెరుగు అన్న సామెత ఎంత పాతదైనా నగర ప్రణాళికలకు ఇప్పటికీ వర్తిస్తుంది.

మెజెస్టిక్ దగ్గర శాంతలా సిల్క్స్ కూడలిలో మొదలయ్యే కె-100 రాజకాలువ ఈ ప్రాంతపు వాననీటిని మోసుకుంటూ ఆగ్నేయంగా సాగి బెళ్లందూరు చెరువులో కలుస్తుంది. అక్కడి నుంచి ఆ నీరు వర్తూరు చెరువు దాటి దక్షిణ పినాకినిలో పడుతుంది. కాలువ మోయగలిగినంత మోస్తుంది, మిగిలింది వీధిలో నిలుస్తుంది. చిక్కపేటకు రెండు కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో 2023 మే 21న నిలిచిన వాననీటిలో కారు చిక్కుకుని ఆంధ్రప్రదేశ్‌కు చెందిన యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ప్రాణాలు కోల్పోయింది. ఎన్ని నిమిషాల వానకు ఏ పల్లంలో ఎంత లోతు నిలుస్తుందన్న లెక్కకు ఉన్న విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది.

బెంగళూరులో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు, కర్ణాటక రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం కలిసి నగర వరద నమూనా మీద పనిచేశారు. ఆ కేంద్రం వాన వివరాలను, వరద సూచనలను ‘బెంగళూరు మేఘ సందేశ’ అనే మొబైల్ యాప్ ద్వారా 2020 నుంచి ప్రజలకు అందిస్తోంది. మనం ఇక్కడ వేసే లెక్క వాళ్లది కాదు. పద్ధతి తెలియడానికి వేస్తున్న నమూనా లెక్క మాత్రమే.

గడి తగ్గితే లెక్క పెరుగుతుంది

నేలను చదరపు గడులుగా విభజించి, ప్రతి గడిలో నీటి లోతెంత, పక్క గడిలోకి ఎంత పారుతుంది అని క్షణక్షణం లెక్కకట్టడమే వరద సిమ్యులేషన్. ప్రవాహాన్ని లెక్కించే సమీకరణాలను ఫ్రెంచ్ ఇంజనీరు సాఁ-వెనాఁ 1871లో ఇచ్చాడు. నేల కింద కాలువలకు, పైపులకు అమెరికా పర్యావరణ సంస్థ 1971లో తొలిసారి తయారుచేసిన ఎస్‌డబ్ల్యూఎంఎం అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. నేల మీద పారే నీటికి బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో పెరిగిన లిస్‌ఫ్లడ్-ఎఫ్‌పీ వంటివి ఉన్నాయి.

గడి ఎంత ఉండాలన్నది మొదటి చిక్కు. 2000లో అమెరికా స్పేస్ షటిల్ నుంచి కొలిచిన ఉచిత ఎత్తుల పటంలో గడి 30 మీటర్లు. అందులో చిక్కపేట సందు కనిపించదు. 10 మీటర్ల గడి తీసుకున్నా సందు, దానికి అటూ ఇటూ ఉన్న రెండు దుకాణాలు ఒకే గడిలో పడి, మూడింటి ఎత్తులూ కలిసి సగటు అయిపోతాయి. నీళ్లు పారే దారే పటం నుంచి మాయమవుతుంది. సందుకు మూడు గడులైనా పట్టాలంటే గడి ఒక మీటరు ఉండాలి.

అలా చేస్తే చదరపు కిలోమీటరుకు 10 వేల గడులకు బదులు 10 లక్షల గడులు వస్తాయి. కాలం లెక్కా పెరుగుతుంది. కంప్యూటర్ కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి లెక్కిస్తుంది. అలాంటి ఒక్క అడుగు కాలంలో నీటి అల ఒక గడిని దాటిపోకూడదు. దాటితే లెక్క అదుపు తప్పి అర్థంలేని అంకెలు వస్తాయి. ఈ నియమాన్ని 1928లో కూరాంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ అనే గణితజ్ఞులు తేల్చారు. అర మీటరు లోతు నీటిలో అల సెకనుకు రెండు మీటర్లకు పైగా సాగుతుంది. ప్రవాహ వేగం కూడా కలిపితే మూడు మీటర్లు దాటుతుంది. కాబట్టి 10 మీటర్ల గడికి 3 సెకన్ల అడుగు సరిపోతే, ఒక మీటరు గడికి 0.3 సెకన్లకు మించకూడదు. మూడు గంటల వానకు మొదటి పద్ధతిలో 3.6 కోట్ల గడి లెక్కలు, రెండో పద్ధతిలో 3,600 కోట్లు. గడి పదో వంతు అయితే పని వెయ్యి రెట్లయింది.

ఎన్ని వానలు?

వాన ఎప్పుడూ ఒకేలా పడదు. తీవ్రతలో ఆరు రకాలు, ఎంతసేపన్నదాంట్లో నాలుగు, వాన గుండె ఏ వైపు పడిందన్నదాంట్లో మూడు తీసుకుందాం. వీటికి తోడు చెత్త, పూడిక. రాజకాలువ శుభ్రంగా ఉంటే ఒక లెక్క, సగం మూసుకుపోతే ఇంకో లెక్క. అందులో అయిదు స్థాయిలు. 6, 4, 3, 5 గుణిస్తే 360 వానలు.

ఒక్కో వానకు మంచి యంత్రం మీద 40 నిమిషాలు పడుతుందనుకుంటే, ఒకే యంత్రం మీద 360 వానలకు 240 గంటలు, అంటే పది రోజులు. అదే 60 యంత్రాలుంటే ఆరు విడతల్లో, నాలుగు గంటల్లో అయిపోతుంది. ఒక వాన లెక్కకు ఇంకో వాన ఫలితంతో పనిలేదు కాబట్టి దేని దారి దానిదే. యంత్రాల అద్దె గంటల లెక్కన కడితే రెండు సందర్భాల్లోనూ మొత్తం 240 యంత్ర గంటలే. ఒక యంత్రాన్ని పది రోజులు వాడినా, 60 యంత్రాలను నాలుగు గంటలు వాడినా బిల్లు దాదాపు ఒకటే. ఎక్కడో ఉన్న కంప్యూటర్లను ఇలా అద్దెకు తీసుకునే పద్ధతిని క్లౌడ్ అంటారు. దానివల్ల పరిశోధకుడికి ఒనగూడిన అసలు లాభం ఇదే. అమెజాన్ 2006లో కంప్యూటర్లను ఇలా అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2017లో లినక్స్ యంత్రాలకు సెకన్ల లెక్కన బిల్లు వేయడం మొదలవడంతో గంట నిండకుండా వదిలేసినా నష్టం లేకపోయింది.

బెంగళూరులోనే భారతీయ విజ్ఞాన సంస్థకు 2022 నుంచి పనిచేస్తున్న 3.3 పెటాఫ్లాప్‌ల పరమ్ ప్రవేగ అనే సూపర్ కంప్యూటర్ ఉంది. అలాంటి యంత్రం అందుబాటులో ఉన్నవాళ్లకు క్లౌడ్ అక్కర్లేకపోవచ్చు. చిన్న కాలేజీకి, వార్డు ఇంజనీరుకు, నలుగురు కుర్రాళ్లు పెట్టుకున్న సంస్థకు అద్దె యంత్రమే దిక్కు.

నల్ల తెర మీద నడిచే పని

క్లౌడ్ సంస్థలన్నిటికీ అందమైన వెబ్ పేజీలు ఉన్నాయి. మౌస్‌తో నొక్కుతూ పోతే ఒక యంత్రం సిద్ధమవుతుంది. ఒక్క వానకు అది చాలు. 360 సార్లు అదే పేజీలో అవే బటన్లు నొక్కితే ఎక్కడో ఒకచోట వేలు తప్పుతుంది. తప్పిందన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

కమాండ్ లైన్‌లో ఇదే పని నాలుగైదు వాక్యాల్లో ఉంటుంది. మొదటి వాక్యం అద్దె యంత్రాల గుంపును తయారుచేస్తుంది. అమెజాన్ వాడేవాళ్లు ‘పీక్లస్టర్ క్రియేట్-క్లస్టర్’ అని టైపు చేసి, ఎలాంటి యంత్రాలు, గరిష్ఠంగా ఎన్ని, ఏ ఊళ్లో అన్న వివరాలున్న ఫైలు పేరు ఇస్తారు. ఊరి పేరుకు ఇక్కడ చట్టపరమైన విలువ ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కంటే సూక్ష్మమైన పటాల సమాచారాన్ని భారతదేశంలోనే నిల్వ చేసి ఇక్కడే లెక్కించాలి. దుకాణం గడప ఎత్తు సెంటీమీటర్లలో కావాలి కాబట్టి మన పటం ఈ నియమం కిందికి వస్తుంది. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నవంబరు నుంచి డేటా సెంటర్ల సముదాయాలు ఉన్నాయి. ఫైలులో ‘ఏపీ-సౌత్-2’ అని రాస్తే చిక్కపేట వానలు హైదరాబాదులో కురుస్తాయి.

రెండో వాక్యం ఫైళ్లను పైకి పంపుతుంది. ‘ఏడబ్ల్యూఎస్ ఎస్3 సింక్’ అన్న ఆదేశం రెండు వైపులా పోల్చుకుని మారిన ఫైళ్లనే పంపుతుంది. దాని చివర ‘డ్రైరన్’ అని చేరిస్తే ఏమీ పంపకుండా ఏం పంపబోతోందో చూపించి ఊరుకుంటుంది. అనుభవం ఉన్నవాళ్లు మొదటిసారి ఇలాగే నడిపి చూస్తారు.

మూడోది అసలు వాక్యం. అద్దె యంత్రాలకు పని పంచేది స్లర్మ్ అనే ప్రోగ్రామ్. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో పుట్టి, నేడు ప్రపంచంలోని ఎన్నో సూపర్ కంప్యూటర్లలో వరుసను నడుపుతున్నది ఇదే. దానికి ‘ఎస్‌బ్యాచ్’ అని చెప్పి, ‘అర్రే=1-360%60’ అని రాస్తే చాలు. 1 నుంచి 360 దాకా వరుస సంఖ్యలతో పనులు పుట్టించు, ఏ క్షణానా 60కి మించి నడపకు అని అర్థం. ప్రతి పనికీ తన సంఖ్య తెలుస్తుంది. 217వ పని వానల జాబితాలో 217వ వరుస చదువుకుని, ఆ తీవ్రత, ఆ సమయం, ఆ పూడికతో లెక్క మొదలుపెడుతుంది.

నడుస్తున్నవి ఎన్ని, వరుసలో ఉన్నవి ఎన్ని అని ‘ఎస్‌క్యూ’ చెబుతుంది. తప్పు దొర్లిందని తెలిస్తే ‘ఎస్‌క్యాన్సిల్’ ఆపేస్తుంది. అన్నీ సవ్యంగా ముగిశాకే 360 ఫలితాలనూ కలిపి పటం గీసే పని మొదలవ్వాలని ముందే షరతు పెట్టవచ్చు. రాత్రి ఎవరూ మేలుకొని కాపలా కాయనక్కర్లేదు.

నాలుగో వాక్యం ఫలితాలను తెస్తుంది. ఇక్కడ కొంచెం లెక్క తెలిసుండాలి. 10 లక్షల గడుల లోతులు, గడికి 4 బైట్ల చొప్పున 4 మెగాబైట్లు. అయిదు నిమిషాలకొక చిత్రం దాచుకుంటే మూడు గంటల వానకు 36 చిత్రాలు, 144 మెగాబైట్లు. అన్నిటికీ మూడేసి గంటలు అనుకుంటే 360 వానలకు దాదాపు 52 గిగాబైట్లు. క్లౌడ్‌లోకి పంపడానికి సాధారణంగా రుసుము ఉండదు, బయటికి తెచ్చుకోవడానికి ఉంటుంది. అందుకే ప్రతి గడిలో గరిష్ఠ లోతు ఎంతన్నది అక్కడే లెక్కించి ఆ ఒక్క చిత్రాన్నే తెచ్చుకుంటే ఒకటిన్నర గిగాబైట్లలోపే సరిపోతుంది.

అయిదోది ‘పీక్లస్టర్ డిలీట్-క్లస్టర్’. చాలామంది మరిచేది దీన్నే. పనిలేని యంత్రాలు పది నిమిషాలకు వాటంతటవే వెళ్లిపోయేలా ఏర్పాటు ఉంటుంది గానీ, వాటిని నడిపే పెద్ద యంత్రం మాత్రం చెప్పేదాకా పోదు. పని లేకపోయినా దాని మీటరు తిరుగుతూనే ఉంటుంది.

చిట్టా, ఆవర్జా

పాతకాలపు వ్యాపారి రోజువారీ జమాఖర్చు చిట్టాలో రాసి, తర్వాత పేరుపేరునా ఆవర్జాకు ఎక్కించేవాడు. ఏ అంకె మీద అనుమానం వచ్చినా ఆవర్జా నుంచి వెనక్కి నడిచి చిట్టాలో అసలు వరుసకు చేరేవాడు. వరద పటం ఆవర్జా లాంటిదైతే ఆదేశాల ఫైలు దాని చిట్టా. ఫలానా సందులో రెండడుగుల నీరు అని పటం చెబితే, ఆ అంకె ఏ వాన నుంచి, ఏ ఎత్తుల పటం నుంచి, ప్రోగ్రామ్ ఏ వెర్షన్ నుంచి వచ్చిందో ఆ ఫైలే చూపించాలి. మౌస్ నొక్కుళ్లకు అలాంటి చిట్టా మిగలదు.

ఈ క్రమశిక్షణ క్లౌడ్ కంటే పాతది. బెల్ ల్యాబ్స్‌లో 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ‘మేక్’ అనే ప్రోగ్రామ్ ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో చదువుకుని, మారినదానికి సంబంధించిన పనులనే తిరిగి చేసేది. ఇప్పుడు శాస్త్రవేత్తలు వాడే స్నేక్‌మేక్, నెక్స్ట్‌ఫ్లో ఆ ఆలోచనకే వారసులు. 360లో 12 వానలు మధ్యలో ఆగిపోతే, మిగిలినవి పూర్తి చేయమని చెప్పినప్పుడు ఈ ప్రోగ్రాములు ఆ పన్నెండింటినే నడుపుతాయి.

ఎలాగూ కొన్ని ఆగిపోతాయి. క్లౌడ్ సంస్థలు ఖాళీగా ఉన్న యంత్రాలను 90 శాతం దాకా తగ్గింపుతో స్పాట్ ధరకు ఇస్తాయి. వాళ్లకు అవసరం పడితే అమెజాన్ రెండు నిమిషాల ముందు కబురు చేసి యంత్రాన్ని వెనక్కి తీసుకుంటుంది. 40 నిమిషాల వాన లెక్క 35వ నిమిషంలో ఆగితే అది మళ్లీ మొదటి నుంచి నడవాలి. అప్పటిదాకా తేలిన నీటి లోతులను ఫైలులో దాచుకుని అక్కడి నుంచి కొనసాగించే ఏర్పాటు ఎస్‌డబ్ల్యూఎంఎం లాంటి ప్రోగ్రాముల్లో ఉంది. దాన్ని వాడుకోవడం తెలిస్తే చవక ధర నిజంగా చవకే.

ఆగిపోయిన పని కనీసం కంటికి కనిపిస్తుంది. సవ్యంగా ముగిసినట్టు కనిపిస్తూ తప్పు అంకెలిచ్చే పనితోనే అసలు ప్రమాదం. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు సున్నా అని చెబితే అంతా బాగుందని యునిక్స్ సంప్రదాయం. ఆ సున్నాకు అర్థం ప్రోగ్రామ్ కూలిపోలేదని మాత్రమే, నీళ్ల లెక్క సరిపోయిందని కాదు. కురిసిన నీరు, పారిన నీరు, నిలిచిన నీరు సరిపోలాలి. ఎస్‌డబ్ల్యూఎంఎం తన నివేదికలో ఈ తేడాను శాతంలో చెబుతుంది. తేడా 10 శాతం దాటితే ఫలితాన్ని అనుమానించాలని దాని మాన్యువలే అంటుంది. 360 నివేదికలను కళ్లతో ఎవరు చదువుతారు? కమాండ్ లైన్‌లో ఒక్క వాక్యంతో ఆ వరుసలన్నిటినీ ఏరి, హద్దు దాటినవాటి జాబితా తీయవచ్చు.

తాళాల సంగతీ ఇక్కడే చెప్పాలి. క్లౌడ్‌కు ఆదేశాలివ్వడానికి రహస్య సంకేతాలు కావాలి. వాటిని ఆదేశాల ఫైలులోనే రాసి, ఆ ఫైలును అందరికీ కనిపించే చోట పెడితే దొంగలు ఆ ఖాతాతో వందల యంత్రాలు తీసుకుని క్రిప్టో నాణేలు తవ్వుకుంటారు. చిట్టా అందరికీ చూపించాలి, గల్లాపెట్టె తాళం మాత్రం విడిగా దాచాలి.

హైదరాబాదులో ముందే లెక్కగట్టిన అలలు

వందల సందర్భాలను ముందే నడిపి పెట్టుకోవడం తెలుగు నేల మీద ఇప్పటికే ప్రాణాలు కాపాడే పద్ధతి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. అది 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. సముద్రంలో భూకంపం వచ్చాక లెక్క మొదలుపెడితే, అది తేలేలోపు దగ్గరి తీరాలకు అల చేరిపోవచ్చు. అందుకే హిందూ మహాసముద్రంలో సునామీ పుట్టగల చోట్లను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ప్రతి ముక్క కదిలితే ఏ తీరానికి ఎంత ఎత్తు అల ఎంతసేపట్లో వస్తుందో ముందే లెక్కగట్టి దాచారు. భూకంపం వచ్చిన నిమిషాల్లో దానికి దగ్గరి సందర్భాలను బయటికి తీసి హెచ్చరిక ఇస్తారు.

చిక్కపేట 360 వానలకూ అదే ఉపయోగం. మేఘం కమ్ముకున్నాక కొత్తగా లెక్క వేయనక్కర్లేదు. వాన కొలిచే పరికరాలు మొదటి పావుగంటలో చెప్పిన అంకెలకు దగ్గరగా ఉన్న నాలుగైదు వానలను జాబితాలో వెతికితే, రాబోయే గంటలో ఏ సందు మూయాలో, ఏ సెల్లార్‌కు కబురు పంపాలో తెలుస్తుంది.

నమూనాకు హద్దులున్నాయి. పూడిక ఎంతుందో కాలువలో దిగి కొలవకపోతే అయిదు స్థాయిల్లో ఏది నిజమో కంప్యూటర్ చెప్పలేదు. ఫలితాన్ని నిజంగా పడిన వానతో పోల్చి చూడాలి. అంటే ఏ గోడ మీద నీటి మరక ఎక్కడిదాకా ఉందో దుకాణదారులను అడిగి రాసుకోవాలి. ఇవి కాళ్లతో తిరిగి చేసే పనులు.

నగరం మాత్రం ఆగదు. పాత రోడ్డు గీకకుండా మీద మీదే తారు వేస్తే వీధి ఎత్తు పెరుగుతుంది, నిన్నటిదాకా క్షేమంగా ఉన్న గడప పల్లమవుతుంది. ఆ రోజు ఎత్తుల ఫైలులో ఆ వీధి అంకెలు మార్చి, అవే అయిదు వాక్యాలు మళ్లీ నడిపితే నాలుగు గంటల్లో కొత్త పటం వస్తుంది. ఆదేశాలు రాసిపెట్టుకోని చోట ఎప్పుడో గీసిన రంగుల పటం గోడకు వేలాడుతుంది. దాని మీద నమ్మకముంచాలో లేదో చెప్పడానికి గీసినవాళ్లకు కూడా ఆధారం ఉండదు. కాబట్టి ఏ కార్పొరేషనైనా వరద పటం విడుదల చేసినప్పుడు పౌరులు అడగాల్సిన రెండో కాగితం ఒకటుంది: ఆ పటాన్ని పుట్టించిన ఆదేశాల ఫైలు.